మూడో గీత వెలుతురు

కొండమీది వర్షమాపక కేంద్రం
చేరిన పన్నెండో రోజు

అక్కకు,

క్షేమంగా చేరాను. జీపు వాగు దాకానే వస్తుంది. అక్కడి నుంచి సామాను భుజాన వేసుకుని రెండు గంటలు ఎక్కాలి. కేంద్రం అంటే నువ్వు ఊహించుకున్నంత గొప్పగా ఏమీ లేదు. రెండు గదులు, ఒక సామాన్ల కొట్టు, కంచె లోపల వాన కొలిచే గొట్టాలు, గాలి దిక్కు చూపే రెక్క, ఒక నిచ్చెన. మూడు గంటలకొకసారి అంకెలు చదివి పుస్తకంలో రాయాలి. నేను రాసినవి పెద్దాయన రేడియోలో కింది ఆఫీసుకి చదువుతాడు. పెద్దాయన అంటే నా పై ఉద్యోగి, పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. మీసాలు నోటిని కప్పేస్తాయి కనుక ఆయన పెదాలు చదవడం నా వల్ల కాదు. పలక మీద రాసుకుని మాట్లాడుకుంటున్నాం.

ఇంటర్వ్యూలో అధికారి 'పిడుగు పడితే నీకెలా తెలుస్తుంది?' అని రాసి చూపించిన సంగతి నీకు చెప్పాను. 'వినపడేవాళ్ళకంటే ముందే తెలుస్తుంది సార్, మెరుపు ముందొస్తుంది' అని రాసిచ్చాను. మూడో రోజే రుజువైంది. పెద్దాయన ఉలిక్కిపడేలోపే నేను కిటికీ మూసేశాను.

అసలు సంగతి నేను తెచ్చుకున్న చిన్న వీడియో ప్లేయర్ గురించి. ఇక్కడ కరెంటు కప్పు మీది సోలార్ పలక నుంచే. అది ముందు రేడియోకి, తర్వాత పరికరాలకి, మిగిలితే మాకు. ఎండ కాసిన రోజు నా వంతుకి ఒక గంట ఛార్జింగ్ దొరుకుతుంది. మబ్బు పడితే అదీ లేదు. నువ్వు వీడియో తీసి కార్డులో వేసిచ్చిన నీ మరదలి చేతుల కబుర్లు రోజూ చూస్తున్నాను. కానీ పదిహేను సెకన్లకి తెర ఆరిపోతోంది. ఇది పాటలు వినేవాళ్ళ కోసం చేసిన వస్తువు. తెర ఆరినా వాళ్ళ పాట ఆగదు. మాకు తెర ఆరితే ఎదుటి మనిషి మాట మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టే. పక్కింటావిడ కుక్క కథ నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ కుక్క పళ్ళు బయటపెట్టే చోటే చీకటి.

ప్లేయర్ పెట్టె, దాంతో వచ్చిన చిన్న పుస్తకం నీ దగ్గరే ఉన్నాయి. తెర ఆరకుండా, బ్యాటరీ త్వరగా అయిపోకుండా ఏం చేయాలో చూసి రాయి. ఈ ఉత్తరం ఆమెకు నీ చేతులతో చదివి చెప్పు. తొందరపడకుండా చెప్పు.

తమ్ముడు


కుట్టు షాపు, మధ్యాహ్నం విరామం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం షాపులో అందరికీ చూపించా. 'మా వాడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడు, కామాలు కూడా ఇస్త్రీ చేసినట్టు పెడతాడు' అని గొప్పలు పోయా. నా ఉత్తరంలో తప్పులు దిద్ది వెనక్కి పంపావంటే మాత్రం కొండెక్కి వచ్చి మరీ తంతా.

పుస్తకం దొరికింది. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి, మా సూపర్‌వైజరమ్మ కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని చదివా. జాగ్రత్తగా విను. (విను అన్నా చూడు, అలవాటు.) మెనూలో కిందికి పోతే పళ్ళచక్రం బొమ్మ, అదే సెట్టింగ్స్. అందులో డిస్‌ప్లే. అక్కడ 'బ్యాక్‌లైట్ టైమ్' అని ఉంటుంది. పదిహేను సెకన్లు, ముప్పై, అరవై, 'ఎప్పుడూ ఆన్'. ఆ చివరిది పెట్టుకో, ఇక ఆరదు. దాని కిందే బ్రైట్‌నెస్, పది గీతలు. కొన్నప్పుడు ఏడో గీత మీద ఉంటుందట. ఎంత తగ్గిస్తే బ్యాటరీ అంత ఎక్కువసేపు ఆగుతుంది. 'పవర్ సేవింగ్' అని ఇంకోటి ఉంది, అదీ ఆన్ చెయ్యి. సౌండ్ సున్నా చేసెయ్. ఇంకా ఉంది ఆగు, బటన్ నొక్కినప్పుడల్లా టిక్కుమనే శబ్దం ఆపేసినా కొంత మిగులుతుందని రాశారు. ఒరేయ్, అంటే ఇన్ని రోజుల్నుంచీ అది టిక్కుటిక్కుమంటూనే ఉందన్నమాట! నీకెలాగూ తెలీదు. పాపం ఆ పెద్దాయన మీసాల వెనక ఎన్ని తిట్టుకున్నాడో!

ఇది చెబితే మీ ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. రెండో శనివారం బస్సెక్కి వెళ్ళా, అలవాటు ప్రకారం. ఫోన్ పట్టుకుని నిలబడితే గంటన్నర చెప్పింది. రెండు ముక్కలు కాగితం మీద రాసివ్వవే అంటే, చేతులుండగా అక్షరాలెందుకు వదినా అంటుంది. పైగా నా చేతులకి నత్తి అని వెక్కిరింపు. నేను దానికి 'దిగులుపడకు' అని చేసి చూపిస్తే 'పిండి పిసుకు' అన్నట్టు ఉందట. ఎవరు నేర్పారు నాకు? నువ్వేగా!

కార్డు దీంట్లోనే పెట్టా. బాగా తిను. సామాన్ల కొట్టులో తేళ్ళుంటాయేమో చూసుకో.

అక్క


వర్షమాపక కేంద్రం
రెండో నెల

అక్కకు,

తెర ఇప్పుడు ఆరడం లేదు. టిక్కు శబ్దం గురించి పెద్దాయనని పలక మీద అడిగాను. 'మొదటి వారం గోడలో పురుగనుకున్నాను' అని రాశాడు.

అన్నీ మార్చి మార్చి చూశాను. ఏడో గీత మీద పెడితే నాలుగు గంటల్లో అయిపోతోంది. మూడో గీత మీద దాదాపు తొమ్మిది గంటలు వస్తోంది. అయితే పగటి వెలుతురులో మూడో గీత మీద ఏమీ కనబడదు. అందుకని మధ్యాహ్నం అంకెలు రాశాక సామాన్ల కొట్టులోకి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చుంటున్నాను. (తేళ్ళు లేవు.) ఆ చీకట్లో మూడో గీత వెలుతురు చాలు. ఆమె ముఖం, రెండు చేతులు, గోడ. అరగంట. తర్వాత బయటికొస్తే ఎండ కళ్ళలో గుచ్చుకుంటుంది. చాలాసేపటిదాకా పనిలో పడలేను.

ఒక చిన్న సందేహం. కొత్త కార్డులో ఆమె వాన గురించి చెబుతుంది కదా, మా వీధి గుమ్మాల దాకా నీళ్ళొచ్చిన రోజు. వాన అనడానికి రెండు చేతుల వేళ్ళూ కలిపి కిందికి దించాలి. ఎడమ చేతి వాన సరిగ్గా పడుతోంది. కుడి చేతి వాన ఒక అర క్షణం ఆలస్యంగా పడుతోంది, గాలి ఒక పక్కకే కొట్టినట్టు. పది పన్నెండుసార్లు చూశాను. పవర్ సేవింగ్ పెడితే బొమ్మ తడబడుతుందా? పుస్తకంలో ఏమైనా రాశారేమో చూడు.

తమ్ముడు


మీ ఇల్లు, బుధవారం

తమ్ముడూ,

అవునురా, పవర్ సేవింగ్ వల్లే. ముప్పై ఒకటో పేజీలో ఉంది, అది ఆన్‌లో ఉంటే వీడియో కొంచెం ఆగి ఆగి వస్తుందని. బ్యాటరీ మిగలాలంటే అంతమాత్రం ఓర్చుకోవాలి మరి. దాన్ని గురించి బుర్ర పాడుచేసుకోకు.

ఇక్కడ అందరం బాగున్నాం. మరదలు బాగుంది. ఈసారి కార్డు కొంచెం ఆలస్యమవుతుంది, సెల్ షాపు వాడు ఫోన్‌లోంచి కార్డులోకి ఎక్కించే తీగ పాడైందన్నాడు.

నీ పని జాగ్రత్తగా చేసుకో. ఏడాది నిండితే పర్మనెంటు చేస్తామని రాతపూర్వకంగా ఇచ్చారుగా, ఆ కాగితం తడవకుండా దాచుకో.

అక్క


వర్షమాపక కేంద్రం
మూడో నెల

అక్కకు,

నీ ఉత్తరం చిన్నదిగా ఉంది. షాపులో పని ఎక్కువగా ఉందనుకుంటాను.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగి జీపు అవతల గట్టునే ఆగిపోతోంది. టపా సంచిని తాడు మీద లాక్కుంటున్నాం. ఎండ వారానికి ఒకరోజు కూడా లేదు. అయినా పవర్ సేవింగ్ ఆపేశాను. పోయిన వారం నా దీపం వెలిగించుకోకుండా ఆ వంతు కూడా ప్లేయర్‌కి ఎక్కించి, వాన కబురు మళ్ళీ చూశాను. అర క్షణం ఆలస్యం అలాగే ఉంది. బొమ్మ తడబడితే రెండు చేతులూ తడబడాలి కదా? గోడ మీద గడియారం ముల్లు సరిగ్గానే కదులుతోంది.

నిన్న కొత్త కార్డు అందింది. దీంట్లో ఆమె పక్కకి తిరిగి కూర్చుంది. ఎడమ చేత్తోనే మాట్లాడింది. ఇస్త్రీపెట్టె తగిలి కుడి చెయ్యి కాలిందని చెప్పింది. ఎంత కాలింది? మందు రాస్తున్నారా? ఆమె ఏడు నిమిషాలే మాట్లాడింది. ఆమె ఏడు నిమిషాల్లో ఎప్పుడైనా 'బాగున్నావా' దగ్గర్నుంచి ముందుకి వెళ్ళిందా?

తమ్ముడు


మీ ఇల్లు

తమ్ముడూ,

ఇస్త్రీపెట్టేరా. అరచేయి మీద బొబ్బలెక్కింది. కట్టు కట్టారు. కట్టు చూస్తే నువ్వు దిగులుపడతావని పక్కకి తిరిగి కూర్చుంది, అంతే. ఒంటి చేత్తో మాట్లాడితే అలసిపోదా మనిషి?

నువ్వు అంత దూరాన కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటే మాకు ఇక్కడ ఏం తోస్తుంది చెప్పు. ఇంకో ఎనిమిది తొమ్మిది నెలలు ఓపిక పట్టు. తర్వాత అన్నీ తీరిగ్గా చెప్పుకుందాం.

అక్క


వర్షమాపక కేంద్రం
నాలుగో నెల

అక్కా,

నిన్న మూడు వారాల తర్వాత ఎండ కాసింది. బ్యాటరీ పూర్తిగా నింపాను. కొట్టులో కూర్చుని ఆ ఏడు నిమిషాల కబురు పెట్టి బ్రైట్‌నెస్ పదో గీతకి పెంచాను. అంతకుముందు ఎప్పుడూ అంత పెంచలేదు. మూడో గీత మీద నల్లగా కనిపించిన గోడ పదో గీత మీద ఆకుపచ్చగా ఉంది. భుజాల ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన తెలుపు. మా ఇంట్లో ఏ గోడకీ రెండు రంగులు లేవు. మూలన ఒక ఇనుప మంచం కాలు కనిపిస్తోంది. దానికి చిన్న చక్రం ఉంది.

నువ్వు బుధవారం మా ఇంట్లో ఉన్నావు. షాపు మానేసి, శనివారం కాని రోజున. అది అప్పుడే చదివాను, కానీ పట్టించుకోలేదు. ప్రూఫులు చూసేవాడిగా సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు ఆమె ముఖం. మా భాషలో సగం మాట ముఖంలో ఉంటుందని నీకు తెలుసు. 'వాన చాలా' అనాలంటే బుగ్గలు ఊదాలి. పాత కార్డులోని వాన కబురు కూడా పదో గీత మీద చూశాను. అందులో ఆమె బుగ్గలు ఊదింది. ఎడమ బుగ్గ నిండింది. కుడి బుగ్గ నిండలేదు, గాలి పెదవి మూల నుంచి పోయింది. అక్కా, ఏ ఇస్త్రీపెట్టె బుగ్గ లోపల కాలుస్తుంది?

చిన్నప్పుడు అన్నాల దగ్గర అందరూ ఒక్కసారిగా నవ్వేవారు. ఏమైందని నేను చెయ్యి పట్టి లాగితే అమ్మ, నాన్న, వచ్చిన చుట్టాలు, అందరిదీ ఒకటే సైగ. 'ఏం లేదు, తర్వాత.' ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నువ్వొక్కదానివే చెయ్యి కడుక్కుని వచ్చి, నీకు వచ్చిన నాలుగు సైగలతోనే, ఎవరేమన్నారో, ఎందుకు నవ్వారో మొత్తం చెప్పేదానివి. మన మేనమామ నన్ను తిట్టిన తిట్టు కూడా దాచకుండా చెప్పావు. అందుకే నాకు లోకంలో నిజం చెప్పే మనిషి ఒకరున్నారని నమ్మాను. పోయిన ఉత్తరంలో నువ్వు 'తర్వాత తీరిగ్గా చెప్పుకుందాం' అని రాశావు.

ఆమెకు ఏమైంది?

తమ్ముడు


ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా

తమ్ముడూ,

చెబుతాను. మొత్తం చెబుతాను. చదివేటప్పుడు కూర్చుని చదువు.

మొదట కనిపెట్టింది నువ్వే. ఆ వాన ఉత్తరం నేను మరదలికి చదివి చెబుతుంటే, కుడి చెయ్యి ఆలస్యం అన్న మాట దగ్గర దాని ముఖం మారిపోయింది. ఏమే అంటే ఏం లేదంది. గ్లాసులో నీళ్ళు తెమ్మన్నా. కుడి చేత్తో పట్టుకుంది, గడప దగ్గర జారిపోయింది. అప్పుడు ఒప్పుకుంది. అప్పటికే నాలుగు నెలల నుంచీ ఆ చెయ్యి తిమ్మిరిగా ఉందట. నువ్వు వెళ్ళకముందు నుంచే. గుండీలు ఎడమ చేత్తో పెట్టుకుంటోందట. అంత దూరాన, అరచేతి సైజు తెరలో, మూడో గీత వెలుతురులో నీకు కనపడింది, ఎదురుగా కూర్చుని ఫోన్ పట్టుకున్న నాకు కనపడలేదు. కనపడ్డవాడికి నేను బ్యాటరీ అని రాశాను. ముప్పై ఒకటో పేజీలో అలాంటిదేమీ లేదురా. ఆ పేజీలో ఉన్నది తడిగుడ్డతో తుడవొద్దని.

మెదడులో ఎడమ పక్కన గడ్డ. పెద్దది. ఆపరేషన్ చెయ్యకపోతే నెలలు కూడా కాదన్నారు. చేస్తే చెప్పలేమన్నారు. నీకు కబురు చేద్దామంటే మరదలు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒంటి చేత్తో ఎంత గట్టిగా చెప్పిందో. 'ప్రెస్సు మూసేశాక నాలుగేళ్ళు గోడలు చూస్తూ కూర్చున్నాడు వదినా. చెవులు వినపడవని పదిచోట్ల పొమ్మన్నారు. ఇప్పుడు మధ్యలో దిగొస్తే ఈ పని పోతుంది. పోతే మళ్ళీ ఎవరూ ఇవ్వరు. నాకు నయమయ్యాక నేనే చెబుతా, నవ్వుతూ చెబుతా' అంది. ఒట్టు వేయించుకుంది. ఆ ఏడు నిమిషాల వీడియో ఆసుపత్రిలో చేరిన మొదటిరోజు వార్డులో తీసిందే.

దాని మీద మొత్తం నెట్టేస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. ఎవరైనా నీకు కబురు చేరవేస్తారేమోనని మీ ఆఫీసుకి ఫోన్ చేసింది నేనే. ఏడాది నిండేదాకా నీకు చెప్పొద్దని బతిమాలింది నేనే. వాళ్ళు రేడియోలో పెద్దాయనకి చెప్పారు. ఇరవై రోజులైంది. నాకు భయమేసిందిరా. నీకు రాస్తే నిజమైపోతుందని, రాయకపోతే ఎక్కడో ఒకచోట అది బాగున్నట్టే ఉంటుందని. నీ కొట్టులో, ఆ తెరలో.

ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు. బతికింది. కానీ కుడి చెయ్యి పూర్తిగా పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది, కానీ మాట రావడం లేదు. నీళ్ళు కావాలనుకుని 'తాళంచెవి' అంటుంది. నేను తాళంచెవి తెస్తే తల కొట్టుకుంటుంది. నిన్న నన్ను పిలవడానికి చెయ్యెత్తి, మెడ చుట్టూ కొలత టేపు వేసుకున్నట్టు చెయ్యాలి కదా మీ సైగల్లో నా పేరు, చెయ్యి మెడ దాకా వచ్చి ఆగిపోయింది. ఏం చెయ్యాలో తెలీక దాని చెయ్యి వైపే చూసుకుంది. అది చూడలేకపోయాను. భాష ఉండే చోటే గడ్డ ఉందని డాక్టరు చెప్పాడు. మనం నోటితో మాట్లాడినా, మీరు చేత్తో మాట్లాడినా అది ఒకటే చోటట. ఒక నర్సు మాత్రం 'ఆమెకి ముందునుంచీ మాటలు రావుగా అమ్మా, కొత్తగా పోయిందేముంది' అంది. వరండా అంతా వినపడేలా అరిచాను. ఏమని అరిచానో నాకే గుర్తులేదు.

రా. ఇంక ఏమీ చెప్పను, రా.

అక్క


వర్షమాపక కేంద్రం

ఉత్తరం అందింది.

పలక తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. 'మీకు తెలుసా?' అని రాశాను. ఆయన 'తెలుసు' అని రాసి, చెరిపి, మళ్ళీ 'తెలుసు' అనే రాశాడు. తర్వాత లేచి రేడియో తీగ పీకి, దాని చోట నా ప్లేయర్‌ని ఛార్జింగ్‌కి పెట్టాడు. సాయంత్రం దాకా కింది ఆఫీసుకి అంకెలు వెళ్ళలేదు. అలా చేయడం నేరం. ఆయన పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చేయలేదు.

నా వంతు అంకెలు కూడా ఆయనే చదువుతాడట. నేను తిరిగొచ్చేదాకా పుస్తకంలో నా పేరు కొట్టివేయనని రాసిచ్చాడు. రేపు ఉదయం వాగు దగ్గర తాడు పట్టుకుని దాటుతాను. దారి తెగిన చోట నడవాలి. ఇది టపా సంచిలో వస్తుంది, బహుశా నేనే ముందొస్తాను.

వినపడేవాళ్ళందరికీ తెలుసు. ఆఫీసులో గుమాస్తాకి కూడా తెలుసు. ఆమె ఒట్టు వేయించుకుందంటే నాకు అర్థమవుతుంది. ఆమెకు ఆ హక్కు ఉంది. నీ సంగతి నాకు అర్థం కావడం లేదు.


కుట్టు షాపు, అందరూ వెళ్ళిపోయాక

తమ్ముడూ,

రెండు నెలలైంది. ఇది నాలుగో ఉత్తరం. మిగతా మూడూ చదివావో, చదవకుండా పక్కన పెట్టావో.

సెలవులన్నీ అయిపోయి సూపర్‌వైజరమ్మ ఇంకొకర్ని పెట్టుకుంటానంటే వెనక్కొచ్చాను. నువ్వు దాని దగ్గరున్నావు కదా అని వచ్చాను. పందొమ్మిది రోజులకి అది పోయిందని కబురొచ్చింది. బస్సు దిగి పరుగెత్తుకుంటూ వస్తే నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. నేను ఏడుస్తూ, నత్తి చేతులతోనే, ఏదో అన్నాను. నువ్వు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నావు. ఉన్న మూడు రోజులూ జేబుల్లోంచి తియ్యలేదు. వినపడేవాళ్ళు కోపమొస్తే నోరు మూసుకుంటారు, అయినా వాళ్ళ ఊపిరైనా వినిపిస్తుంది. నువ్వు చేతులు జేబుల్లో పెట్టుకుంటే ఇల్లంతా తాళం వేసినట్టే.

నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. ఒకటే అడుగుతున్నా. ఆ పందొమ్మిది రోజులు ఏం జరిగింది? చివరి రోజు ఎలా ఉంది? బాధపడిందా? మరదలేరా అది, నేను కూడా దాని తలకి నూనె రాశాను, దాని తిట్లు తిన్నాను. ఇంట్లో జరిగింది నాకు ఒక్కరూ చెప్పకపోతే ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది. నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నువ్వు కూడా నాకు 'తర్వాత' అనే చెబితే, సరే, అది నాకు తగినదే. కానీ చెప్పు.

అక్క


ఇల్లు

అక్కా,

నాలుగు ఉత్తరాలూ చదివాను. అందినరోజే చదివాను.

నువ్వు వెళ్ళాక మొదటి వారం ఆమె నన్ను గుర్తుపట్టేది. చెయ్యెత్తేది, ఏదో మొదలుపెట్టేది, అది ఏ మాటా కాకుండా పోయేది. నా మాటలు కూడా ఆమెకు అందడం లేదని నాకు నాలుగో రోజుకి తెలిసింది. నేను 'నొప్పిగా ఉందా' అని అడిగితే నా ముఖం చూసి నవ్వేది. నా వేళ్ళు చూసేది, పిల్లలు ఫ్యాను చూసినట్టు. పదకొండేళ్ళు మేమిద్దరం మాట్లాడుకున్నంత మనిషి మాట్లాడడు. దీపం తీసేశాక కూడా ఒకరి అరచేతిలో ఒకరం రాసుకుని మాట్లాడుకున్నాం. అదంతా ఆమె ఎదురుగా ఉండగానే పోయింది.

ఏమీ తోచక ప్లేయర్ తీసి ఆమె పక్కన పడుకుని పాత కార్డు పెట్టాను. ఆమె చూసింది. తెరలో ఉన్న మనిషి ఎవరో ఆమెకు తెలియలేదనుకుంటాను. కానీ ఆ మనిషి నవ్వినప్పుడల్లా ఈమె నవ్వేది. ఆ మనిషి ఏం చెబుతోందో ఈమెకు తెలియదు. మంచంమీద ఉన్న ముగ్గురిలో కబురు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రోజూ చూపించాను. ఆసుపత్రిలో గోడకి ప్లగ్గు ఉంది, కరెంటు ఎంతైనా ఉంది, పదో గీత మీద పెట్టి చూపించాను. పొదుపు చేయాల్సిన పని ఇక లేదు కదా.

చివరి రోజు మధ్యాహ్నం ఆ ప్లగ్గుకి వేరే యంత్రం పెట్టారు. బ్యాటరీ మీదే చూస్తున్నాం. మధ్యలో ఎర్రగీత వచ్చింది, తెర ఆరిపోయింది. నేను వెంటనే తియ్యలేదు. ఆమె ఆ నల్లటి అద్దాన్నే చూస్తూ ఉంది. అందులో వెనకనున్న నా ముఖం కనబడుతోంది. ఆమె దాన్ని చూసింది. కాసేపు చూసి, మెల్లగా తల తిప్పి, నిజంగా ఎక్కడున్నానో అక్కడ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి తెచ్చి నా అరచేతిలో పెట్టి బొటనవేలు ఒకటి రెండుసార్లు కదిపింది.

నువ్వు ఆమె ఏమందని అడుగుతావు. నాకు తెలియదు. ఏదో అందని నాకు నేను చెప్పుకోవడం తేలిక. కానీ నేను ప్రూఫులు చూసినవాణ్ణి, లేని అక్షరాన్ని చేర్చలేను. బొటనవేలు కదిలింది. అంతవరకే నిజం. బాధ పడలేదు, ఊపిరి తేలికగానే ఉంది. సాయంత్రం వెలుతురు ఉండగానే పోయింది. నేను పక్కనే ఉన్నాను.

నీ మీద కోపం పోయిందని రాయను. పోలేదు. నాలుగు వారాలు ముందు వచ్చి ఉంటే, ఆమె చేతులకి మాట ఉండగా వచ్చి ఉంటే, నేను ఆమెను ఏమడిగి ఉండేవాడినో రోజూ అనుకుంటున్నాను. ఆ కోపం ఉంటుంది. కానీ నీ నాలుగో ఉత్తరం చదివాక ఇల్లంతా తిరిగాను. ఆమె రెండు నెలలు నా ఎదురుగా ఎడమ చేత్తో గుండీలు పెట్టుకున్న ఇల్లు ఇది. నాకు కనబడలేదు. తెరలోనే కనబడింది. అప్పుడు నీకొక్కదానికే కనబడలేదని ఎలా అనగలను?

పెద్దాయన కబురు పంపాడు. నా పేరు ఇంకా పుస్తకంలోనే ఉందట. దారి బాగుచేశారు, వచ్చే గురువారం జీపు బయలుదేరుతుంది. వెళ్ళాలనే అనుకుంటున్నాను. ఆమె అందుకోసమే అంత దాచింది కాబట్టి వెళ్తాను.

సామాను సర్దడం అయిపోయింది. ఆమె చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి. వంటింట్లో గ్లాసులు కడిగి బోర్లించాను. మూడుసార్లు గుమ్మం బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. మూడుసార్లూ మళ్ళీ తీసి లోపలికి వెళ్ళాను. లోపల ఎవరూ లేని ఇంటికి ఎలా తాళం వేయాలో నాకు చేతకావడం లేదు.

బుధవారానికల్లా రా. షాపుకి సెలవు పెట్టు, సూపర్‌వైజరమ్మ ఏమన్నా సరే. నువ్వు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. గుమ్మంలో నా పక్కన నిలబడు. ఇద్దరం కలిసి తలుపు వేద్దాం.

తమ్ముడు